తేటనీళ్ళలో తీపి

గత వారం కథ ఆగేసరికి నా చేతిలో ఏమేం ఉన్నాయో ముందు చెబుతాను. మొదట ఏం ఉందో తెలియకపోతే చివర ఏం మిగిలిందో తెలియదు.

న్యూజెర్సీ పిస్కాటవేలో కిరాణా కొట్ల వరస వెనక ఒక గోడౌన్‌లో నా పగడాల కొట్టు ఉంది, ఉప్పునీళ్ళ ట్యాంకుల్లో పెంచుకునే బతికున్న పగడాలు. ట్యాంకులన్నీ గొట్టాలతో ఒకే సంపుకి కలిపి ఉంటాయి. పెద్ద ట్యాంకు మధ్యలో దానిమ్మ. దానిమ్మంటే పండు కాదు, పగడమే. ఆకుపచ్చ కొమ్మల నిండా ఎర్రటి గింజల్లాంటి నోళ్ళుంటాయని నా భార్య హైమ దానికా పేరు పెట్టింది. బొటనవేలంత ముక్కగా వచ్చి నా దగ్గరే పళ్ళెమంత అయింది. సన్నీవేల్ నుంచి ఒకతను దానికోసం నెలకోసారి ఫోన్ చేస్తాడు. అల్ఫారెట్టా నుంచి ఒక డాక్టరుగారు స్వయంగా వచ్చి చూసి, ముక్క లేకుండానే తిరిగి వెళ్ళారు. ఒక్క కొమ్మ కూడా బయటికి పోనివ్వలేదు. ఎక్కడా దొరకని సరుకు ఒక్కచోటే ఉండాలన్నది నా వ్యాపారసూత్రం. వచ్చే వసంతంలో కోసి అమ్మకానికి పెడదామనుకున్నాను. ఆ మాట నమ్ముకునే పక్క గోడౌన్ కూడా అద్దెకు తీసుకున్నాను.

ఆ దానిమ్మ అడుగునుంచి తెల్లబడుతోంది. పగడానికి అలా తెల్లబడటమంటే పైనున్న ప్రాణం ఊడిపోయి ఎముక బయటపడటం. సగందాకా వచ్చేసింది.

నా చేతిలో ఉన్న రెండోది అనుమానం. శ్యామ్‌సుందర్‌తో నాకు ఈ దేశంలో దిగిన మొదటి చలికాలం నుంచీ స్నేహం. మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యాడు. కొట్టులో నీళ్ళ పరీక్షలన్నీ అతనే చూసేవాడు. ఈమధ్య తనూ ఒక చిన్న కొట్టు పెడితే ఎలా ఉంటుందని ఒకటి రెండుసార్లు అన్నాడు. దానిమ్మ తెల్లబడటం మొదలయ్యాక నేను కెమెరా రికార్డింగులు తిరగేస్తే, అతను పేరులేని సీసాలోంచి ఏదో సంపులో పోస్తూ కనిపించాడు. గురువారం సాయంత్రం, కొనడానికి వచ్చినవాళ్ళు నలుగురు నిలబడి ఉండగా, నా పగడాన్ని చంపుతున్నది నువ్వేనన్నాను. అతను వాదించలేదు. తన దగ్గరున్న తాళంచెవి కౌంటర్ మీద పెట్టి, "లెక్క ఇంకోసారి చూసుకో చక్రీ" అని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున నేను కొట్టు తెరిచేసరికి నా దగ్గర సగం చచ్చిన పగడం ఒకటి, దొంగ ఒకడు, వాడి తాళంచెవి ఉన్నాయి. ఇంకేమీ అక్కర్లేదనిపించేంత స్పష్టంగా ఉంది లెక్క. అప్పుడు ప్రణవి తలుపు తట్టింది.

ప్రణవి శ్యామ్‌సుందర్ కూతురు. ఇక్కడే పుట్టింది. పూర్వం నాకు కిరాణా కొట్టు ఉన్న రోజుల్లో బియ్యం బస్తాల మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. ఇప్పుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పగడపు దిబ్బల దగ్గర నీళ్ళల్లో ఉండే సూక్ష్మజీవుల మీద పని. ఏడాదిలో కొన్ని నెలలు ఫ్లోరిడాలోనో హవాయిలోనో సముద్రంలో మునిగి ఉంటుంది. చేతిలో నల్లటి పెట్టె ఉంది. తిట్టడానికి వచ్చిందనుకుని ముందే జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"అంకుల్, ట్యాంక్ లైట్స్ ఆన్ చేశారా?" అంది.

ఇంకా లేదన్నాను. లైట్లు పదకొండింటికి వాటంతట అవే వెలుగుతాయి.

"గుడ్. చేయొద్దు. రాత్రంతా ఏం జరిగిందో ఇప్పుడే తెలుస్తుంది."

"మీ నాన్న పంపించాడా?"

"నాన్న గురువారం నుంచి ఎవరితో మాట్లాడట్లేదు. ఆయన ఇంటికి వచ్చేలోపే ఎవరో మన పగడాలవాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేశారు, శ్యామ్ అంకుల్ పాయిజన్ పోశాడని. అల్ఫారెట్టా నుంచి నాకు ఫార్వర్డ్ వచ్చింది." ఆ అమ్మాయి గొంతు పెంచలేదు. "నేను నాన్న కోసం రాలేదు అంకుల్. కోరల్ కోసం వచ్చాను. అది ఎవరినీ ఏం అనలేదు కదా."

ప్రణవి పెట్టె తెరిచి, గాజుతో చేసిన ఒక సూది తీసింది. చివర వెంట్రుకంత సన్నంగా ఉంది. రెండో చివరనుంచి వైరు వెళ్ళి ఒక మీటరులో కలుస్తుంది. అది నీళ్ళల్లో ఎంత ఆక్సిజన్ ఉందో చూపిస్తుందట. ముందు ట్యాంకు మధ్యలో, ఖాళీ నీళ్ళల్లో పెట్టింది. బాగానే ఉందని చెప్పింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. రాదూ మరి. ఉప్పు, సున్నం, నైట్రేట్, ఫాస్ఫేట్, ఏ పరీక్ష చేసినా మార్కులు పూర్తిగా వస్తున్నాయి. నీళ్ళు చూస్తే అసలు నీళ్ళు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. అద్దం మీద మచ్చ ఉండనివ్వను. అడుగున ఇసుక కూడా వేయలేదు, మురికి చేరుతుందని.

తర్వాత సూదిని దానిమ్మ దగ్గరికి తెచ్చింది. తెలుపూ ఆకుపచ్చా కలిసే అంచు ఒకటుంది. ఆ అంచు వెంట సన్నగా, మీసంలా నాచు మొలిచింది. అక్కడికి సూది చేరుతున్నకొద్దీ మీటరులో అంకె పడిపోతోంది. నేను మీటరు పాడైందనుకున్నాను. ప్రణవి సూదిని వెనక్కి లాగితే అంకె పెరిగింది. మళ్ళీ దగ్గరికి తెస్తే మళ్ళీ పడింది. చివరికి దాదాపు సున్నా.

"ఇక్కడ ఊపిరి లేదు, అంకుల్. రాత్రంతా లేదు. ఇది ఊపిరాడక చస్తోంది."

"అంటే విషమేగా?"

"విషం కాదు. ఫుడ్."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పాను కూడా. నా వయసులో ఆ మాట అనడం తేలిక కాదు గాని, ఆ పొద్దున నా దగ్గర వేరే మాట లేదు.

ఆ అమ్మాయి తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి జారి, మళ్ళీ తెలుగులోకి వచ్చి చెప్పింది. నాకు తలకెక్కినంత వరకు సంగతి ఇది. సముద్రపు నీళ్ళు ఒక చెంచాడు తీసుకుంటే అందులో లక్షల్లో సూక్ష్మజీవులుంటాయి. అవి లేకపోతే పగడం కూడా ఉండదు. పగడం ఒంటిమీది జిగురులో దాని సొంత సూక్ష్మజీవులుంటాయి, కాపలావాళ్ళలా. నీళ్ళల్లో కరిగిన తిండి కొద్దిగా ఉన్నంతకాలం అందరూ ఒద్దికగా బతుకుతారు. చక్కెరలాంటిది ఎక్కువగా కరిగిందా, ఎక్కడో మూలనున్న తిండిపోతు రకాలు ఒక్కసారి వేలంవెర్రిగా పెరుగుతాయి. తింటూ తింటూ చుట్టుపక్కల ఊపిరంతా పీల్చేస్తాయి. కాపలావాళ్ళకి చోటుండదు. పక్కనున్న పగడం ఊపిరాడక పోతుంది.

"మరి పరీక్షల్లో రావాలి కదా?"

"మీ టెస్ట్ కిట్స్‌లో దానికి కిట్ లేదు, అంకుల్. ఉప్పు కలిపిన నీళ్ళూ క్లియర్‌గానే ఉంటాయి, షుగర్ కలిపిన నీళ్ళూ క్లియర్‌గానే ఉంటాయి. మీరు చూసి ఏం చెప్తారు?"

ఏం చెప్తాను. తేటగా ఉన్న నీళ్ళని మంచినీళ్ళనే ఇన్నాళ్ళూ నమ్ముకున్నాను.

ఫ్లోరిడాలో తను మునిగే చోట ఇదే సంగతి పెద్దగా జరుగుతోందని చెప్పింది. నాచుని మేసే చేపలు తగ్గిపోతాయి. నాచు పెరుగుతుంది. నాచు పగలంతా ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత నీళ్ళల్లోకి కారుస్తుంది. ఆ తీపికి సూక్ష్మజీవులు ఎగబడతాయి. పగడం చస్తుంది. పగడం చచ్చి ఖాళీ అయిన చోట మళ్ళీ నాచే మొలుస్తుంది. ఇంకాస్త తీపి కారుతుంది. అక్కడికి వచ్చే యాత్రికులకి నీళ్ళు మాత్రం నీలంగా, అందంగా ఉంటాయట.

"ఇక్కడ ఈ కాస్త నాచుతో ఇంత కాదు," అంది. "బయటి నుంచి ఎవరో పోస్తున్నారు."

ఆ మాటతో నాకు ప్రాణం లేచి వచ్చింది. చెప్పానా లేదా అన్నట్టు కౌంటర్ మీది తాళంచెవి వైపు చూశాను. ప్రణవి నా చూపు పట్టుకుంది.

"నాన్న పోసింది వెనిగర్. నిన్న గట్టిగా అడిగితే ఈ ఒక్క మాట చెప్పాడు. మీరు కొట్టు పెట్టినప్పటి నుంచి పోస్తున్నాడు, రోజూ కొంచెం. నీళ్ళ సంగతి చూసుకోమని మీరే అన్నారట."

వెనిగర్ సంగతి ఈ వ్యాపారంలో అందరికీ తెలిసినదే. కొద్దిగా వెనిగర్ పోస్తే మంచి సూక్ష్మజీవులు దాన్ని తిని, పనిలోపనిగా చేపల మురికిని కూడా తినేస్తాయి. నురగతీసే యంత్రం వాటిని బయటికి లాగేస్తుంది. నీళ్ళు అలా తేటపడతాయి. ఆ సంగతి నాకు ఎంత బాగా తెలుసంటే, ఈ ఎండాకాలం మొదట్లో నేనే ఒక యంత్రం కొని సంపు వెనక బిగించాను, పగలూ రాత్రీ చుక్క చుక్కగా వెనిగర్ వేసేది. శ్యామ్ అప్పటికే చేత్తో పోస్తున్నాడని నాకు తెలియదు. నేను యంత్రం పెట్టానని అతనికి చెప్పలేదు. చెప్పాల్సిన పనేముందనుకున్నాను.

యంత్రం చూపించాను. ప్రణవి వంగి చూసి, సీసా ఎంత ఖాళీ అయిందో అడిగి, ఫోన్లో ఏదో లెక్క కట్టింది. రెండు చేతులు ఒకే పులుసులో ఉప్పు వేసినట్టయిందని నేనన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"రెండూ కలిపినా ఇంత రాదు, అంకుల్. కోరల్‌కి ఒంట్లో బాగుండకపోవచ్చు, ఇలా చావదు. థర్డ్ ఉంది ఇంకేదో. పైగా అది పెరుగుతూ వస్తోంది."

మూడో చెయ్యి ఎవరిదో నేను వెతకడం మొదలుపెట్టాను. వచ్చేపోయే వాళ్ళందరినీ తలుచుకున్నాను. డాక్టరుగారు ముక్క ఇవ్వలేదని కోపంతో వెళ్ళారు. సన్నీవేల్ అతనికి ఇక్కడ ఒక తమ్ముడున్నాడు. అనుమానం అలవాటు పడ్డాక ఎవరి మీదికైనా హాయిగా వెళుతుంది. అలా నేను ఒక్కొక్కరినీ తూకం వేస్తుండగా హైమ వచ్చింది. ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో పూలూ కొబ్బరికాయా ఉన్న సంచీ.

ప్రణవిని చూసి ఆగి, "ఎంత చిక్కిపోయావే" అంది. గురువారం సంగతి ఎత్తలేదు. గురువారం నుంచి నాతోనూ అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. ఫ్లాస్కు పెట్టి, రోజూ చేసినట్టే పెద్ద ట్యాంకు ముందుకి వెళ్ళింది. అంచున పూలు పెట్టింది. చిన్న సుత్తితో కాయ కొట్టి, నీళ్ళని గిన్నెలోకి పట్టింది. సగం గ్లాసులో పోసి పక్కన పెట్టింది, ప్రసాదానికి. మిగతా సగం ఉన్న గిన్నె పట్టుకుని మెట్టు ఎక్కింది.

"ఆంటీ," అంది ప్రణవి. "ఒక్క నిమిషం. అది ఎక్కడ పోస్తారు?"

"సముద్రంలోనమ్మా."

మా ఇంట్లో ఆ ట్యాంకుని సముద్రమనే అంటాం. ప్రణవి లేచి వెళ్ళి, ఎంతో మర్యాదగా, రెండు చేతులతో ఆ గిన్నె అందుకుంది. హైమ ఇవ్వకుండా ఉండలేనంత మర్యాదగా.

"రోజూనా, ఆంటీ?"

హైమ చెప్పింది. కొట్టు తెరిచినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం ఒక చెంచాడు పోస్తోంది. లక్ష్మీదేవికి సముద్రం పుట్టిల్లు. ఆమె పుట్టింటినే తెచ్చి కొట్టులో పెట్టుకుని, ఆ ఇంటికి ఏమీ పెట్టకుండా ఎలా ఉంటాం. మొన్న శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం నాడు దానిమ్మ అడుగున తెల్లమచ్చ చూసింది. నేను అన్నం సరిగా తినడం లేదని కూడా చూసింది. అది కోలుకునే వరకు రోజుకొక కాయ అని మొక్కుకుంది. మచ్చ పెరిగింది. చెంచాడు చాలదేమోనని గ్లాసెడు చేసింది. ఇంకా పెరిగింది. సగం కాయ చేసింది.

ఇదంతా దాచి చేసింది కాదు. నా కళ్ళముందే చేసింది. కెమెరాలో నేను శ్యామ్‌ని వెతికిన ప్రతి రోజు రికార్డింగులోనూ హైమ ఉంది. ఆమె కనిపించిన చోటల్లా గబగబా ముందుకి జరిపేశాను. ఆమె దేవుడికి పోస్తోంది, అతను సంపులో పోస్తున్నాడు. పూజని ఎవరు లెక్కలో వేసుకుంటారు.

ప్రణవి గిన్నె చేతిలో పట్టుకునే, కొబ్బరినీళ్ళల్లో చక్కెర ఎంత ఉంటుందో చెప్పింది. ఎక్కువ మాటలు వాడలేదు. హైమకి అర్థం కావడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మెట్టు దిగి, పగడం వైపు చూస్తూ నిలబడింది. తెల్లటి భాగాన్ని, ఎర్ర గింజలు ఇంకా మిగిలిన పైకొమ్మల్ని చూసింది. అది ఎంత తెల్లబడితే తను అంత పోసింది. తను ఎంత పోస్తే అది అంత తెల్లబడింది. నాకు ఫ్లోరిడా నాచు గుర్తుకొచ్చింది గాని ఆ మాట పైకి అనలేదు.

గురువారం నా నోట్లో మాటలు ఎంత సిద్ధంగా ఉన్నాయో. అదే పగడం, అదే నష్టం, అంతకన్నా పెద్ద చెయ్యి. మరి ఇప్పుడు నా నోరు ఎందుకు లేవడం లేదు? పోనీ, కావాలని చేసింది కాదు కదా అనుకున్నాను. శ్యామ్ మాత్రం కావాలని చేశాడా? ఒకే తక్కెడలో ఇద్దరినీ పెడితే రెండు రకాల బరువులు ఎలా వచ్చాయో నాకు అంతుబట్టలేదు. పోనీలే హైమా, తెలియక జరిగిందిలే, అన్నాను చివరికి.

"ఆయన్ని నలుగురిలో అన్నారు," అంది హైమ. "నన్నూ నలుగురిలోనే అనండి."

ప్రణవి మీటరు సర్దుకుంటూ వినిపించుకోనట్టే ఉంది. నేను కాఫీ పోసుకున్నాను. తాగలేదు.

బతికిన కొమ్మలు ఇప్పుడే కోసి వేరే నీళ్ళల్లోకి మార్చాలని, ఆలస్యమైతే అవి కూడా మిగలవని ప్రణవి చెప్పింది. మార్చడానికి వేరే నీళ్ళెక్కడున్నాయి? నా ట్యాంకులన్నీ ఒకే సంపువి. పని తగ్గుతుందని నేనే అలా కట్టించాను. అప్పటికప్పుడు ఉప్పు కలిపిన పచ్చినీళ్ళు పగడానికి పనికిరావు. అందులో ఇంకా ఏ ప్రాణమూ కుదురుకుని ఉండదు. ఏళ్ళ తరబడి నిలదొక్కుకున్న నీళ్ళు కావాలి. ఆ చుట్టుపక్కల అలాంటివి ఎక్కడున్నాయో ముగ్గురికీ తెలుసు. శ్యామ్ ఇంటి బేస్‌మెంట్ ట్యాంకులో.

ప్రణవే వాళ్ళ నాన్నకి ఫోన్ చేసింది. అవతల నుంచి ఒక్క ముక్క వినపడింది. తీసుకురమ్మన్నాడట.

కటింగ్ ప్లైయర్‌తో కొమ్మలు కోసింది నేనే. ఇన్నాళ్ళూ ఎవరు అడిగినా కొయ్యని చేత్తో ఒక్కొక్కటీ కోస్తుంటే ఎముక విరిగిన చప్పుడు వచ్చింది. ప్రణవి వాటిని మందునీళ్ళలో ముంచి బకెట్‌లో వేసింది. ఆమె డ్రైవ్ చేస్తుంటే నేను ముందు సీట్లో, కాళ్ళ మధ్య బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. వెనక హైమ.

శ్యామ్ ఉండే ఎడిసన్ వైపు తిరిగే సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్ తీసి గ్రూప్ తెరిచాను. కొందరి మధ్య అవగాహన లోపం జరిగిందని రాసి, చెరిపేశాను. పరీక్షల్లో కొత్త విషయాలు బయటపడ్డాయని రాశాను. అదీ చెరిపేశాను. కొట్టు పేరు చెడకుండా నిజం చెప్పే వాక్యం ఒకటి ఉంటుందని ఇంకో సిగ్నల్ దాకా వెతికాను. అలాంటిది దొరకలేదు. "శ్యామ్‌సుందర్ ఏ తప్పూ చేయలేదు. పగడం పోయింది నా వల్లా, మా ఇంటి వల్లా. నేను అన్న మాట అబద్ధం" అని రాసి పంపించాను. పంపాక ఫోన్ వెనక్కి హైమకి ఇచ్చాను. చదివిందో లేదో తెలియదు. ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

శ్యామ్ గ్యారేజీ తలుపు ఎత్తి నిలబడి ఉన్నాడు. లుంగీ మీద స్వెట్టర్. ఆగస్టులో కూడా స్వెట్టర్ వేసుకునే మనిషి. కారులోంచి దిగి, తప్పయిపోయిందిరా అన్నాను.

"నీళ్ళు చల్లబడిపోతాయి. లోపలికి తే," అన్నాడు.

అతని బేస్‌మెంట్‌లోకి నేను దిగి చాలాకాలమైంది. ఆ ట్యాంకుని చూసి నేను ఒకప్పుడు ఎగతాళి చేసేవాణ్ణి. చెరువు అనేవాణ్ణి. అడుగున బురదలాంటి ఇసుక, రాళ్ళ కింద పసుపూ నారింజా రంగుల్లో స్పాంజ్‌లనే సముద్రప్రాణులు, నాచుని గీక్కుతింటున్న చేపలు, పేరు తెలియని పురుగులు. నా కొట్టులో ఒక్క స్పాంజ్ మొలిచినా బ్లేడుతో గీకేయిస్తాను. కొనడానికి వచ్చినవాళ్ళకి అసహ్యంగా ఉంటుంది కదా. నీళ్ళల్లో కరిగిన తీపిని ముందుగా తాగేసి మిగతా ప్రాణులకి పనికొచ్చే తిండిగా మార్చేవి ఆ స్పాంజ్‌లేనని ప్రణవి అప్పుడే చెప్పింది. సముద్రంలో కూడా అవే చేస్తాయట ఆ పని. ఇంకా ఏదో చెబుతోంది. నేను వినడం మానేశాను.

ట్యాంకు ఎడమ మూల, రాయి మీద, అరచేయంత పగడం ఒకటి ఉంది. ఆకుపచ్చ కొమ్మలు. కొమ్మల నిండా ఎర్రటి గింజలు.

బకెట్ కింద పెట్టాను. అలాంటిది ప్రపంచంలో ఒక్కటే ఉందనీ, అది నా దగ్గరే ఉందనీ నమ్మి వ్యాపారం చేసినవాణ్ణి. ముందు అది వేరే రకమనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూశాను. వేరే రకం కాదు. మరి నా గురువారం అనుమానం నిజమేనా? దొంగ అని సరిగ్గానే అనుకున్నానా, దొంగతనం మాత్రం వేరేదా? కారులో పంపిన వాక్యం ఎవరి ఫోన్లో ఎంతదూరం వెళ్ళిందో లెక్కేసుకున్నాను.

"ఇదెక్కడిదిరా?"

శ్యామ్ కొమ్మల్ని ఒక్కొక్కటీ ఆ ట్యాంకు నీళ్ళే నింపిన పక్క టబ్బులోకి దింపుతున్నాడు. తల ఎత్తలేదు.

"గురువారం నాడే అనొచ్చు కదా, నీ దగ్గర ఇంకోటుందని? పగడం పోలేదని చెబితే అక్కడితో అయిపోయేది," అన్నాను.

"చెబితే ఎవరిచ్చారని అడిగేవాడివి," అన్నాడు. "నలుగురిలో."

నేను హైమ వైపు తిరిగాను. ఆమె నన్ను చూడటం లేదు. ట్యాంకు అద్దానికి మొహం ఆనించి, ఊళ్ళో వదిలి వచ్చిన పిల్లని చాలాకాలానికి చూసినట్టు చూస్తోంది.

"ఇంతయిందా, అన్నయ్యగారూ," అంది.

తర్వాత నాకు చెప్పింది, గొంతు తగ్గించకుండా, ప్రణవి వింటుండగానే. కొట్టు పెట్టిన మొదటి ఏడు, దానిమ్మ ఇంకా గుప్పెడంత ఉన్నప్పుడు, నేను లేని పూట ఒక కొమ్మ విరిచి తెచ్చి శ్యామ్‌కి ఇచ్చింది. పగడాలు పెంచే వాళ్ళందరూ చేసే పనే అది. ఒకరి ట్యాంకు పోతే ఇంకొకరి దగ్గర మిగలాలని స్నేహితుల ఇళ్ళల్లో ఒక్కో ముక్క దాస్తారు. అందరూ చేస్తారు, నేను తప్ప. నన్ను అడిగితే వద్దంటానని తెలుసు కాబట్టి అడగలేదంది. అంతే. ఏడవలేదు, క్షమించమనలేదు.

ఆమె పోసిన నీళ్ళతోనే నా పగడం పోయింది. ఆమె దొంగతనంగా ఇచ్చిన కొమ్మ వల్లే అది మిగిలింది. ఈ రెండిట్లో ఏది ముందు రాయాలో, ఏది ఎందులోంచి తీసెయ్యాలో నాకు తెలియలేదు. ఇంతకాలం వ్యాపారం చేసి, ఒకే మనిషి పేరు రెండు వైపులా రాయాల్సి రావడం ఇదే మొదలు.

మొదట చేతిలో ఉన్నది చెప్పాను కాబట్టి మిగిలింది కూడా చెబుతాను. టబ్బులో కోసిన కొమ్మలున్నాయి, బతుకుతాయో లేదో వారం గడిస్తేగాని తెలియదని ప్రణవి అంది. నాది కాని ట్యాంకులో నాది అనుకున్న పగడం నిక్షేపంగా ఉంది. జేబులో వేసుకొచ్చిన తాళంచెవి ఇవ్వబోతే శ్యామ్ తీసుకోలేదు, కాని కాఫీ తాగి వెళ్ళమన్నాడు. మొత్తమ్మీద పొద్దున కొట్టు తెరిచినప్పటి కన్నా ఎక్కువే ఉంది నా దగ్గర. లాభమే అనుకుంటూ మెట్లెక్కుతున్నాను. ముందు నడుస్తున్న హైమ పై మెట్టు మీద ఆగింది.

"నేను దాచిపెట్టింది ఇదొక్కటే అనుకోకండి," అంది.